పట్టాల సందులో ఎండాకాలం

చెన్నూరుకు రైలు లేదు. రైలెక్కాలంటే మంచిర్యాల పోవాల్సిందే. కాజీపేట–బల్లార్షా మెయిన్‌ లైన్లో పట్టాలను ఇప్పుడు వెల్డింగుతో పొడవుగా కలిపేశారు గానీ, ఫిష్‌ప్లేట్ల కాలం పూర్తిగా పోలేదు. 13 మీటర్ల పట్టాలు రెండు కలిసేచోట అటొకటి ఇటొకటి ఇనుప పలకలు, నాలుగు బోల్టులు, నడుమ కొద్దిపాటి సందు. ఆ సందు పనివాడి అలసత్వం కాదు. పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పట్టాలోని రంధ్రం బోల్టు కంటే వెడల్పు. చలికాలం వస్తే గ్యాంగ్‌మన్లు పానాతో బోల్టులు విప్పి, ఫిష్‌ప్లేటు ఆనే చోట గ్రాఫైటు, కిరోసిను కలిపిన ముద్ద రాసి మళ్లీ బిగిస్తారు. పట్టుకోవాలి, కదలనూ ఇవ్వాలి: పనంతా అక్కడే ఉంది.

పెరట్లో పెద్ద మోడల్ రైలు వేసుకునేవారికీ ఇదే లెక్క. జర్మనీలో 1968లో ఎల్‌జీబీ బ్రాండు తెచ్చిన ఈ కొలతలో పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. మీటర్ గేజిని 22.5 వంతులు చేస్తే వచ్చేది దాదాపు అంతే. బ్రాడ్‌గేజ్ కాకముందు ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్‌కు నడిచిన బండిని తోటలో చూసుకోవాలంటే సరిగ్గా సరిపోయే కొలత.

ఇక్కడ పట్టా ఇత్తడిది. ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. 1.2 మీటర్ల ముక్క 45 డిగ్రీల తేడాకు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పది ముక్కలైతే సెంటీమీటరు. కాబట్టి డిసెంబరు పొద్దున పరిస్తే అతుకు అతుకుకీ ఆ మిల్లీమీటరు వదలాలి, మే మధ్యాహ్నం పరిస్తే ఆనించేయొచ్చు. చల్లటి దేశాల పుస్తకాల్లోని సలహాను మన ఎండకు సరిచూసుకోకుండా పాటించడం నాకు నచ్చదు. కొందరు మెయిన్‌ లైన్ వెల్డింగును చూసి తామూ అతుకులన్నీ టంకం పెట్టేస్తారు. అసలు లైనులో బరువైన కాంక్రీటు స్లీపర్లు, కంకర ఆ ఒత్తిడిని అదిమి పడతాయి. తోటలో అదిమేదేమీ లేదు. పట్టా పాములా మెలి తిరుగుతుంది.

అతికే ముందు పట్టా అడుగంచును ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. రెండు ముక్కలను కలిపే జాయినర్‌లో చిటికెడు గ్రాఫైటు పేస్టు పెట్టి రెండు పట్టాలనూ ఒకేసారి, వంకర పోకుండా తోయాలి. గ్యాంగ్‌మన్ చేతిలో జారడానికి వాడిన గ్రాఫైటు ఇక్కడ బండికి పట్టాల గుండా అందే కరెంటునూ మోస్తుంది. తర్వాత పైనా లోపలి అంచునా వేలు నడిపి చూడాలి: గోరుకు మెట్టు తగిలితే చక్రానికీ తగులుతుంది, సన్న ఆకురాయితో తీసేయాలి. జాయినర్లకు బదులు బిగించే స్క్రూ క్లాంపులు గట్టివే. వరుసగా అన్నిచోట్లా వేస్తే మాత్రం సాగే దారి మూసుకుపోతుంది. నా మాట అడిగితే కొన్ని ముక్కలకొక అతుకు జారేదిగా ఉంచి, దాని మీదుగా కొంచెం వదులుగా వైరు టంకం పెట్టడం మేలు. సిగ్నళ్ల కరెంటు తెగకుండా రైల్వేవాళ్లు ఫిష్‌ప్లేటును దాటించి కట్టే బాండ్ వైరు ఇదే.

కరెంటు పోకూడని చోట్లూ ఉంటాయి. బండి చుట్టు తిరిగి వచ్చిన దారికే ఎదురు కలిసే లూపులో కుడి పట్టా ఎడమ పట్టాను తాకుతుంది. లూపు రెండు చివర్లా, రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లే వేయాలి. మామూలువి వేస్తే నేరుగా షార్టే.