న్యాయవాది వ్యక్తిగత ప్రవర్తన: ‘ఇతర దుష్ప్రవర్తన’ పరిధిపై విమర్శ

1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనతోపాటు ‘ఇతర దుష్ప్రవర్తన’నూ శిక్షార్హం చేసింది, దానిని నిర్వచించలేదు. ప్రవేశం విషయంలో మాత్రం చట్టం స్పష్టం. నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్షపడినవారు విడుదలైన రెండేళ్లదాకా నమోదుకు అనర్హులని 24ఎ సెక్షన్ చెబుతుంది. ప్రవేశించినవారి వ్యక్తిగత జీవితానికి అటువంటి కొలమానం లేదు.

హిక్మత్ అలీ ఖాన్ కేసులో (1997) హత్యాయత్నం రుజువైన న్యాయవాది పేరును సుప్రీంకోర్టు జాబితా నుండి తొలగించింది. నేరం రుజువైనచోట నిర్ణయం సులభం. చిక్కంతా రుజువు కానిచోటనే. భూముల ధరలు పెరిగిన చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో ఒక న్యాయవాది సొంత భూమికి బయానా తీసుకొని మాట తప్పాడనుకుందాం. అది సివిల్ వివాదమా, దుష్ప్రవర్తనా? స్వయంగా వ్యాపారం చేయరాదన్న బార్ కౌన్సిల్ 47వ నియమం ఒక్క అమ్మకానికి వర్తించడం కష్టం. సామాన్యునికి తగినది న్యాయవాదికి తగకపోవచ్చునన్న నియమావళి పీఠిక ఆదర్శాన్ని చెబుతుందే గాని హద్దును చూపదు.

మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన న్యాయవాది కొండా వెంకట రంగారెడ్డి పేరు జిల్లాకే నిలిచింది. వకీలు మాటపై గౌరవం కోర్టు గడపతో ఆగదనడానికి ఇది నిదర్శనం. కనుక విచారించవలసింది ఒక్కటే: ఎదుటివారు వృత్తిని చూసి నమ్మారా, ఆ నమ్మకాన్ని అతడు వాడుకున్నాడా? ఈ కొలమానం లేనినాడు క్రమశిక్షణ మోసపోయినవారికి అందదు, కక్షసాధకులకే అందుతుంది.