ముందు తక్కెడ, తర్వాతే ప్రెస్

ఇక్కడ టెక్సస్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళితే, కాల్చడం అయ్యాక వంగి నేల మీది ఖాళీ ఇత్తడి కేసులు ఏరుకునేవాళ్లు కనిపిస్తారు. కొత్తవాళ్లకు అది పీనాసితనంలా తోస్తుంది. కానీ తూటాలో మళ్లీ వాడుకోగలిగింది అదొక్కటే. నిప్పు రాజేసే ప్రైమర్, పౌడర్, ముందుకు దూసుకెళ్లే బులెట్ ఒక్క పేలుడుతో అయిపోతాయి. ఇత్తడిని శుభ్రం చేసి, ప్రెస్ అనే లివర్ యంత్రానికి బిగించిన డైలో (అచ్చులో) నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ అమర్చి, పౌడర్ తూచి పోసి, బులెట్ కూర్చోబెడితే మళ్లీ తూటా తయారవుతుంది. దీన్నే రీలోడింగ్ అంటారు. సొంతానికి చేసుకుంటే అమెరికాలో ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. మన భారతదేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అక్కడి పాఠకులు దీన్ని దూరదేశపు పనిగానే చదవాలి.

హైదరాబాద్‌లో గురి నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లకు కూడా ఈ పని కొత్తే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో పౌడర్ అన్నదే ఉండదు. అదే ఊరి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. దాని ప్రైమర్ మందు కేసు అంచులోనే పోసి ఉంటుంది కాబట్టి ఇంట్లో మళ్లీ నింపడం కుదరదు. అలాంటి నేపథ్యం నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఈమధ్య రేంజ్‌లో పాయింట్ 38 రివాల్వర్ పట్టుకుని అడిగాడు: "అన్నా, ఏ ప్రెస్ కొనమంటావ్?"

"ముందు పుస్తకం కొను. ఆ తర్వాత తక్కెడ. ప్రెస్ సంగతి చివర్లో చూద్దాం" అన్నాను.

అతనికది నచ్చలేదు. ఎవరికైనా ముందు చూపు ఆనేది ప్రెస్ మీదే మరి. లివర్ లాగితే పని జరుగుతున్నట్టు కళ్లకు కనిపిస్తుంది. కానీ మనిషి ప్రాణం ఆధారపడేది పౌడర్ బరువు మీద. లైమన్, హార్నడీ, స్పీర్ లాంటి సంస్థలు అచ్చువేసే మాన్యువళ్లలో ఒక్కో బులెట్‌కూ ఒక్కో పౌడర్‌కూ ఎంతతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో ప్రయోగశాలలో కొలిచి ఇస్తారు. ఒకటి కాదు, రెండు మాన్యువళ్లు కొనమంటాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, బులెట్ కాస్త మారినా అంకె ఎందుకు మారుతుందో అర్థమవుతుంది. పక్క బెంచీ మీది పెద్దాయన నోటితో చెప్పిన అంకెను, ఆయన ఎంత అనుభవజ్ఞుడైనా సరే, తక్కెడలో పెట్టకూడదు.

పౌడర్‌ని తూచే కొలత గ్రెయిన్. పౌనుకు 7000 గ్రెయిన్లు, గ్రాముకు 15 పైచిలుకు. పిస్టల్ తూటాలో చాలాసార్లు పడే పౌడర్ గ్రాములో మూడోవంతు కూడా ఉండదు. అందులో గ్రెయిన్‌లో పదోవంతు తేడాను పట్టుకోవాలి. కంసాలి తక్కెడకున్నంత నిక్కచ్చితనం కావాలన్నమాట. చవక డిజిటల్ స్కేళ్లు ఏసీ గాలి తగిలినా, బ్యాటరీ తగ్గినా సున్నా దగ్గర నిలబడవు. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది పాతకాలపు బీమ్ స్కేల్. నిదానమే, అయినా భూమ్యాకర్షణ తప్ప వేరే కరెంటు దానికి అక్కర్లేదు. ఏది కొన్నా చెక్ వెయిట్లు కూడా కొనాలి. కూర్చున్న ప్రతిసారీ తెలిసిన బరువుతో దాన్ని పరీక్షించకుండా పౌడర్ డబ్బా మూత తీయకూడదు.

ఇక ప్రెస్. సింగిల్ స్టేజ్‌లో ఒకసారికి ఒక్క డై, ఒక్క పని. టరెట్‌లో డైలన్నీ తిరిగే తలకు బిగించి ఉంటాయి. ప్రోగ్రెసివ్‌లో లివర్ లాగిన ప్రతిసారీ అన్ని పనులూ ఒకేసారి వేర్వేరు కేసుల మీద జరిగి, ఒక తూటా బయటికొస్తుంది. అరిజోనాలోని డిల్లన్ సంస్థ ప్రోగ్రెసివ్‌లు చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. పోటీల్లో వేలకు వేలు కాల్చేవాళ్లకు అవి కావాలి కూడా. కొత్తవాళ్లకు మాత్రం వద్దు.

ఎందుకు వద్దంటానో పాయింట్ 38 స్పెషల్‌నే చూపించి చెబుతాను. అది నల్ల తుపాకిమందు కాలంలో పుట్టిన తూటా, అందుకే కేసు పొడవు. నేటి పౌడర్ దానికి అడుగున కొంచెమే పడుతుంది, పైనంతా ఖాళీ. పరధ్యానంలో రెండోసారి పోసినా పొంగి పొర్లదు, బులెట్ మామూలుగానే కూర్చుంటుంది. కాల్చినప్పుడు రివాల్వర్ సిలిండర్ పగిలిపోవచ్చు. అసలు పౌడరే పడకపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే పేలి బులెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు తక్కువైందని గమనించక వెనకాలే మరోటి కాలిస్తే గొట్టం చీలిపోవచ్చు. సింగిల్ స్టేజ్‌తో పనిచేసేవాళ్లు పౌడర్ పోసిన కేసులన్నిటినీ లోడింగ్ బ్లాక్‌లో వరసగా నిలబెడతారు. బులెట్ పెట్టేముందు టార్చి వేసి ఒక్కొక్కదాని లోపలికి చూస్తారు. అన్నిట్లోనూ మట్టం ఒకేలా ఉందా లేదా అన్నది కంటికి ఇట్టే తెలుస్తుంది. యంత్రం నిదానం కాబట్టి ఈ చూపుకు చోటు దొరుకుతోంది. ఇదొక్కటి అలవాటయ్యాక ప్రోగ్రెసివ్ కొన్నా నాకు అభ్యంతరం లేదు.

ఆర్‌సీబీఎస్ వాళ్ల రాక్ చకర్ లాంటి పోత ఇనుప ప్రెస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అంత బరువైన ఇనుము ఒకరి చేతిలో అరిగిపోదు. డైల మరచుట్టు కొలత దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే కాబట్టి ఒకరి డై మరొకరి ప్రెస్‌లో దిగుతుంది. 38 లాంటి నిటారు కేసులకు కార్బైడ్ డై తీసుకుంటే నూనె రాసే పని తప్పుతుంది. మెడ సన్నబడే రైఫిల్ కేసులకు నూనె తప్పదు. తూటా పొడవు కొలిచే క్యాలిపర్, కళ్లద్దాలు ఎలాగూ కావాలి.

ఇత్తడి శుభ్రం చేసే టంబ్లర్ విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, టంబ్లర్ మూత తీస్తే ఆ ధూళి గాల్లోకి లేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని పెట్టకండి. గరాజ్‌లో, తలుపు తీసి పెట్టుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా దేన్నీ ముట్టుకోకండి. పౌడర్ కొన్న డబ్బాలోనే ఉండాలి, వేరే సీసాలోకి మార్చకూడదు. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ అగ్ని భద్రతా ప్రమాణం ఇంట్లో 20 పౌన్ల పౌడర్, 10,000 ప్రైమర్ల దాకా ఒప్పుకుంటుంది. కొత్తవాళ్లకు ఒక్క పౌను చాలు.

డబ్బు మిగులుతుందా అంటే, మామూలు 9 ఎంఎంకి మిగిలేది స్వల్పం. పెద్ద రైఫిల్ తూటాలకు బాగానే మిగులుతుంది. 2020లో ప్రైమర్లు దుకాణాల్లో దొరక్కుండా పోయినప్పుడు ఆ లెక్క కూడా తారుమారైంది.

జాబితాల్లో చాలామంది వదిలేసే పరికరం ఒకటుంది, బులెట్ పుల్లర్. చూడ్డానికి ప్లాస్టిక్ సుత్తి. తయారైన తూటాను అందులో బిగించి గట్టి చెక్క మీద కొడితే బులెట్, పౌడర్ ఊడి బయటికొస్తాయి. దీన్ని ప్రెస్‌తో పాటే, అదే రోజు కొనాలి. చేతిలో పుల్లర్ లేనివాడు "ఇందులో పౌడర్ పోశానా, లేదా" అని అనుమానం వచ్చిన తూటాను "పోసే ఉంటాన్లే" అని పెట్టెలో పడేస్తాడు. ఉన్నవాడు బ్లాక్‌లోని యాభైనీ విప్పి, మళ్లీ మొదటి నుంచి తూస్తాడు.