కాన్సాస్ మైదానపు ముద్రాచిత్రములు

చిత్రకళ ధనికుల మేడలనుండి సామాన్య గృహస్థుని గోడకు దిగివచ్చు మార్గమేది? ఈ ప్రశ్నకు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు చిత్రకారులు 1930వ సంవత్సరమున చేతలతో సమాధానమిచ్చిరి. ఆ యేటి డిసెంబరు నెలలో లిండ్స్‌బర్గ్ అను చిన్నయూర, బిర్గర్ సాండ్‌జెన్ చిత్రశాలలో కూడి, వారు ‘ప్రెయిరీ ప్రింట్ మేకర్స్’ అను సంఘమును స్థాపించిరి. ఏటికి అయిదు డాలర్లు చందా యిచ్చు సహసభ్యునకు సంఘము ఒక ముద్రాచిత్రమును కానుకగా పంపెడిది. అది పత్రికలలోని నకలు కాదు. చిత్రకారుడు స్వయముగా రేకుమీదనో కొయ్యమీదనో కల్పించి అచ్చొత్తిన మూలచిత్రమే. ఈ యేర్పాటు వీరు కనిపెట్టినది కాదు. 1910లో వెలసిన చికాగో ఎచింగుకారుల సంఘము దీనిని ముందే నడపినది. ఆ సంఘమునకు ప్రాణము బెర్తా జాక్స్ అను స్త్రీ.

కాన్సాస్‌వారిలో సీవర్డ్ పనితనము మాకు మిక్కిలి నచ్చినది. వర్తకపు అచ్చుపనిలో నేర్చిన లితోగ్రాఫు విద్యను ఆయన కళకు వినియోగించి, బరువైన రాతికి బదులు లోహపు రేకును వాడు విధమును 1931లో గ్రంథముగా వ్రాసి తోడివారికి అందించెను. విద్యను దాచుకొను పనివాండ్రు మెండుగానున్న లోకమున ఇది చిన్న గుణము కాదు. స్థాపకులలో స్త్రీ నార్మా బాసెట్ హాల్ ఒకతెయే. భర్త ఎచింగులు చేయుచుండ, ఆమె ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక చెక్కి అద్దెడిది. ఆమె కీర్తి భర్త పేరునుబట్టి వచ్చినది కాదు.

ఇంతవరకు మెచ్చితిమి. కాని ఆ కానుకచిత్రములను వరుసగా చూచిన, సెలయేళ్లు, చెట్లు, పల్లెలు, కొండలు, ఇవే అధికము. సాండ్‌జెన్ గీతలో బండలు బండలుగానే మొరటుగా నిలుచును. నలుపు తెలుపులలోనే ఎండ మండును. తక్కినవారిలో పలువురి పని శుభ్రము, సౌమ్యము, చూడ ముచ్చట. అంతకుమించి మనసును కదల్పదు. చందాదారుని మెప్పే కొలబద్ద యైనచోట చిత్రకారుని చేయి తనకు తెలియకయే మెత్తబడునని మా యనుమానము. ఆ దశాబ్దముననే అనావృష్టిచే కాన్సాస్ పడమటి పొలముల మన్ను గాలికెగసి ఇండ్లను కప్పినది. రైతులు ఊళ్లు విడిచిరి. సంఘస్థాపకులలో ఒకడైన హెర్షెల్ లోగన్ ఆ దుమ్ముతుపానును కొయ్యపై చెక్కెను. నలుపును దట్టముగా నింపగల ఆ సాధనమునకు అంతకన్న తగిన విషయము దొరకదు. అయితే అట్టి చిత్రమును భోజనపు గదిలో తగిలించుకొన ఎంతమంది గృహస్థులు ఒప్పుకొందురు?