‘తొలి’ అన్న విశేషణానికి ఆవల: సురభి కమలాబాయి నటన

తెలుగు టాకీల చరిత్రలో సురభి కమలాబాయి ప్రస్తావన సాధారణంగా ‘తొలి కథానాయిక’ అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి పాత్ర ధరించారన్నది నిర్వివాదం. అయితే ‘తొలి’ అన్నది కాలాన్ని సూచించే పదమే గాని కళకు విలువకట్టే ప్రమాణం కాదు. నటిగా ఆమెను అంచనా వేయడానికి ఆ విశేషణం ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కమలాబాయి నటనకు మూలం సురభి నాటకరంగం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ప్రదర్శనతో ఆరంభమైన ఈ సమాజం కుటుంబ ప్రాతిపదికన విస్తరించింది. స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం పరిపాటిగా ఉండి, స్థానం నరసింహారావు వంటివారు సత్యభామగా ప్రేక్షకుల మన్ననలు పొందుతున్న కాలంలో సురభివారి ఇంటి స్త్రీలు రంగస్థలం మీద నిలిచారు. నటనను వృత్తిగా స్వీకరించిన స్త్రీని సంఘం చిన్నచూపు చూసిన రోజులవి. కుటుంబమే నాటక సమాజం కావడం వల్ల సురభి నటికి రక్షణతోపాటు శిక్షణ కూడా లభించింది. పద్యం, పాట, వాచికం, ఆంగికం ఆమెకు ఉగ్గుపాలతో అబ్బిన విద్యలు. నేపథ్యగానం లేని తొలి టాకీలకు కావలసినది నటిస్తూనే పాడగల ఇటువంటి కళాకారిణి. కనుక కమలాబాయి ‘తొలి’ కావడం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక సుమారు అర్ధశతాబ్దపు రంగస్థల సాధన ఉంది.

‘భక్త ప్రహ్లాద’ను చూసి ఆమె నటనపై తీర్పు చెప్పే అవకాశం నేటి విమర్శకునికి లేదు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ మాత్రం మన ముందున్నది. అందులో ఆమె తోటరాముని తల్లి. రెండు చిత్రాలలోనూ ఆమెది మాతృపాత్రే కావడం గమనార్హం. లీలావతి, భర్త ఆగ్రహానికీ బిడ్డ భక్తికీ నడుమ నలిగే రాణి. రాముని తల్లి, కొడుకు సాహసానికి తల్లడిల్లే పేదరాలు. మాంత్రికుడు, భైరవి, మాయామహలు మొదలైన అద్భుతాల నడుమ కథను ఇంటి నేలకు కట్టి ఉంచేది ఈ తల్లి పాత్రే. రాముడు ప్రేక్షకునికి వీరుడిగా కన్నా ముందు ఒక పేదతల్లి కొడుకుగా దగ్గరవుతాడు. పద్యనాటకంలో రూపుదిద్దుకొన్న నటి వ్యావహారిక సంభాషణలో ఈ నమ్మకాన్ని కలిగించడం సామాన్య విషయం కాదు.

తల్లి పాత్రలను ‘సహాయ పాత్రలు’గా జాబితా చివర చేర్చే అలవాటు వల్ల ఈ పరిణామం విమర్శకుల దృష్టిని తగినంతగా ఆకర్షించలేదు. చరిత్ర కమలాబాయిని 1932 వద్దనే నిలిపివేసింది. విమర్శ 1951 నుండి వెనుకకు చదివినప్పుడే, ఆ తేదీ వెనుక ఉన్న నటి మనకు కనిపిస్తుంది.