త్సుయోకుహెన్: వీరుడికి ముందున్న హంతకుడు

బొమ్మల సినిమా అనగానే పిల్లల కాలక్షేపమని తేల్చేసే అలవాటు మన విమర్శకుల్లో ఇంకా పోలేదు. 1999లో కజుహిరో ఫురుహషి దర్శకత్వంలో నాలుగు భాగాలుగా వచ్చిన జపాన్ చిత్రం ‘త్సుయోకుహెన్’ చూశాక ఆ మాట అనలేం. నోబుహిరో వత్సుకి చిత్రకథ ‘రురౌని కెన్షిన్’కు ఇది పూర్వకథ. అసలు కథలో కెన్షిన్ ఎవరినీ చంపనని ఒట్టుపెట్టుకున్న నవ్వుముఖపు దేశదిమ్మరి. ఆ ఒట్టు వెనకాల ఏముందో ఇక్కడ తెలుస్తుంది. నవ్వుకు చోటు లేదు.

1860ల క్యోటో. షోగునుల పాలనను కూల్చడానికి చోషు పక్షం పసితనం వీడని ఈ కుర్రవాణ్ణి రహస్య హంతకుడిగా వాడుకుంటుంది. బలహీనులు బతకగల కొత్త యుగం వస్తుందనే అతను నమ్మాడు. ఒక రాత్రి అతని కత్తికి ఎదురైన కియోసతో అనే అంగరక్షకుడు పెళ్లి కుదిరిన మామూలు మనిషి. బతకాలని చివరిదాకా పెనుగులాడి, కెన్షిన్ చెంపమీద గాటు పెట్టి చనిపోతాడు. అతన్ని పెళ్లాడవలసిన తొమోయె పగతో వస్తుంది. ఒత్సు పల్లెలో మందులమ్ముకునే దంపతులుగా తలదాచుకున్న రోజుల్లో ఆ హంతకుణ్ణే ప్రేమిస్తుంది. చివరికి మంచులో, అతన్ని కాపాడబోయి అతని కత్తికే బలవుతుంది.

ఈ చీకటి కేవలం శిల్పం కాదు. శత్రుపక్షపు చిన్న ఉద్యోగికి పేరు, ఇల్లు, ఎదురుచూసే మనిషి ఉండటం వల్ల పుట్టిన చీకటి. 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత మన ప్రాంతపు పోరాట కథల్లో అమరుల తల్లుల దుఃఖం గొప్పగా పలికింది. అవతల కూలిన జీతగాడి గడప ఎన్ని కథలు తొక్కాయి? ఇలా అడగటం పోరాటాన్ని కాదనటం కాదు.

అయితే దర్శకుడు విషాదాన్నంతా ఒక మనిషి చెంపమీది గాయానికే కుదించాడు. కొత్త యుగం ఎవరికొచ్చింది? కెన్షిన్ చేత హత్యలు చేయించిన కత్సుర కొగొరో చరిత్రలో నిజంగా ఉన్నవాడే. తర్వాత కిదొ తకయొషి పేరుతో మెయిజీ ప్రభుత్వ నాయకుల్లో ఒకడయ్యాడు. ఆ ప్రభుత్వమే 1873లో మీకె బొగ్గుగనులను స్వాధీనం చేసుకుని ఖైదీలను బాయిల్లోకి దింపింది. 1889లో గనులు మిట్సుయి చేతికి పోయినా, ఖైదీల చాకిరీ 1930 దాకా సాగింది. తట్టా చెమ్మసు మోసిన ఇళ్లనుంచి వచ్చిన గోదావరిఖని పాఠకుడు ఈ సంగతి పక్కనపెట్టి ఆ చిత్రాన్ని చూడలేడు.

1868 తోబా-ఫుషిమి యుద్ధభూమిలో కెన్షిన్ కత్తి వదిలి వెళ్లిపోతాడు, చిత్రం ఆగిపోతుంది. మీకె బాయిల్లోకి ఖైదీలు దిగడానికి అప్పటికి అయిదేళ్లే ఉంది.