పాత్ర – ప్రవర్తన : దూబగుంట సారా వ్యతిరేకోద్యమం

సామాజిక పాత్రే మనిషి ప్రవర్తనను నిర్ణయిస్తుందనడానికి మనస్తత్వశాస్త్ర గ్రంథాలు 1971 నాటి స్టాన్‌ఫర్డ్ కారాగార ప్రయోగాన్ని ఉదాహరిస్తాయి. ఫిలిప్ జింబార్డో విద్యార్థులను కాపలాదారులుగా, ఖైదీలుగా విభజించారు. కాపలాదారుల క్రూరత్వం వల్ల రెండు వారాల ప్రయోగం ఆరు రోజులకే ఆగింది. అయితే వారికి కాఠిన్యం ముందుగానే సూచించబడిందని తిబో ల తెక్సియే 2019లో నిరూపించారు. మనిషి తనదిగా భావించిన పాత్రనే ఆచరిస్తాడన్నది అలెగ్జాండర్ హాస్లం, స్టీఫెన్ రైకర్‌ల 2006 నాటి ప్రతిపాదన.

ఈ ప్రతిపాదనకు నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతం బలమైన నిదర్శనం. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పల్లెల్లో కూలి డబ్బు సారా దుకాణానికి చేరుతున్నా, భర్తను భరించడమే ఇల్లాలి ధర్మమని సమాజం నిర్దేశించింది. పాత్రే సర్వస్వమైతే ఆ సహనానికి అంతం ఉండకూడదు. కానీ అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథలో తమ బతుకునే చూసుకున్నారు. ఇంటి గుట్టు ఊరి సమస్యగా మారింది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ తదితరులు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది.

ఉద్యమం ప్రయోగం కాదు. అందులోని కారణాలను విడదీసి కొలవలేం. అయినా ఒకటి స్పష్టం. ఈ స్త్రీలు ఇల్లాలి పాత్రను విడిచిపెట్టలేదు. పిల్లల కూడు కాపాడటమే ఇల్లాలి ధర్మమని దాని అర్థాన్ని మార్చారు. క్రూరత్వాన్ని పాత్రకే ఆపాదిస్తే కొట్టిన భర్తా, సారా కాంట్రాక్టరూ బాధ్యత నుండి తప్పించుకుంటారు. దూబగుంట స్త్రీలు ఆ అవకాశం ఇవ్వలేదు.