నరవృకుని ప్రవాసము: 'గియోమ్ ద పాలెర్మ్' కావ్యమున అల్ఫోన్సు పాత్ర

వృకోదరుడను పేరున దక్క తోడేలునకు మన కావ్యములలో చెప్పుకొనదగిన గౌరవము లేదు. గొల్లల నోట అది మందకు శత్రువు. తల్లుల నోట పసిబిడ్డల నెత్తుకొనిపోవు మృగము. ఐరోపాఖండమునను దాని కీర్తి ఇంతకంటె మేలైనది కాదు. అట్టి మృగము రూపమును పొంది, స్వదేశమును విడిచి, చూచినవారెల్ల తన్ను తరుముచుండగా పరదేశమున కాలము గడపిన యొక రాజకుమారుని కథ క్రీ. శ. 1200 ప్రాంతమున ఫ్రెంచి భాషలో కావ్యమైనది. దాని పేరు 'గియోమ్ ద పాలెర్మ్'. పేరును బట్టి నాయకుడు గియోము. కాని గ్రంథము ముగించిన పిదప మా మనస్సున నిలిచినవాడు గియోము కాడు. అల్ఫోన్సు అను తోడేలు. ఆ పాత్రను గూర్చి విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట పేరును గూర్చి ఒక మాట. ఇంగ్లీషున 'వేర్‌వుల్ఫ్' అనుదానిలోని పూర్వభాగము ప్రాచీనాంగ్లమున పురుషుని తెలుపు పదము. పండ్రెండవ శతాబ్దపు కవయిత్రి మరీ ద ఫ్రాన్సు, ఇట్టివానిని బ్రెతను జనులు 'బిస్క్లవ్రె' అందురనియు, నార్మనులు 'గర్వల్ఫ్' అందురనియు తానే చెప్పినది. మనకు సిద్ధమైన పదము లేదు. 'తోడేలుమనిషి' అన్నచో సంతలోని వింత ప్రదర్శనమువలె వినబడును. కావున మేము 'నరవృకుడు' అని వ్యవహరించుచున్నాము. ఇంతకంటె మంచి పదము నెవరైన సూచించినచో సంతోషముతో స్వీకరింతుము.

ఫ్రెంచి కావ్యకర్త యెవరో తెలియదు. హేనో ప్రభువైన నాల్గవ బాల్డ్విను కుమార్తె యొలాందు ప్రోత్సాహముచే ఇది రచితమైనది. ఎనిమిదేసి అక్షరముల ద్విపదలలో సాగిన ఈ కావ్యమునకు మిగిలిన వ్రాతప్రతి యొక్కటే. అది పారిసు నగరమున ఆర్సెనాలు గ్రంథాలయమున నున్నది. పదునాల్గవ శతాబ్దమధ్యమున హెరిఫర్డు ప్రభువు హంఫ్రీ ద బోను కోరికపై, ఫ్రెంచి రానివారికొరకు, విలియము అను కవి దీనిని అనుప్రాసబద్ధమైన ఇంగ్లీషు పద్యములలోనికి మార్చెను. దేశభాషలో కావ్యము చెప్పింపగోరిన ప్రభువును, అందుకు పూనిన కవియు మనకు క్రొత్తవారు కారు. ఆ ఆంగ్ల కావ్యమును స్కీటు పండితుడు 1867లో పరిష్కరించి ప్రకటించెను.

ఇక కథ. స్పెయినుదేశపు రాజునకు ప్రథమభార్యయందు కలిగినవాడు అల్ఫోన్సు. తల్లి గతించినది. సవతితల్లి బ్రాందు, రాజ్యము తన కుమారునకు దక్కవలెనని, ఆ చిన్నవానికి మంత్రపు లేపనము పూసి తోడేలును గావించినది. అతడు దేశము విడిచి దక్షిణ ఇటలీ సీమకు చేరుకొనెను. పాలెర్మో రాజు తమ్ముడు రాజును, అతని నాలుగేండ్ల కుమారుడు గియోమును విషముపెట్టి చంపింప నెంచిన కుట్ర ఈ తోడేలునకు తెలిసినది. ఒకనాడు ఉద్యానమున తల్లిదండ్రుల కన్నులయెదుటనే బాలుని నెత్తుకొని పరుగెత్తి, మెస్సీనా జలసంధిని ఈది, రోము సమీపమున నొక యడవికి చేర్చెను. బాలుడు గోపాలకుని యింటను, పిదప రోము చక్రవర్తి కొలువునను పెరిగి, చక్రవర్తి కుమార్తె మెలియోరును ప్రేమించి, ఆమెతో తెల్లని ఎలుగుబంటి తోళ్లు ధరించి పారిపోవును. దారి పొడవునను వారిని పోషించి కాపాడినది ఈ తోడేలే. తుదకు పాలెర్మోలో గియోము స్పెయినురాజును యుద్ధమున జయించుట, సవతితల్లిని రప్పించుట, అల్ఫోన్సు మరల మనుష్యుడగుట.

ఈ తోడేలును 'సహాయక జంతువు' అను శీర్షిక క్రింద చేర్చి ముగించుట సులభము. జానపదకథల అంశసూచికలు పరిశోధకునకు మిక్కిలి యుపకరించు పరికరములే. మేమును తరగతిలో కొన్నియేండ్లు అట్లే చెప్పితిమి. విద్యార్థులును వ్రాసికొనిరి. కాని సహాయక జంతువు నాయకునకు కష్టము కలిగినపుడు వచ్చును, తీరిన పిదప పోవును. అది ఎచ్చట నుండి వచ్చినదో, దానికేమి దుఃఖమో ఎవరును అడుగరు. అల్ఫోన్సు అట్టివాడు కాడు. అతనికి తండ్రి కలడు, పోగొట్టుకొన్న దేశము కలదు, పలుకలేని నోరు కలదు. అతడు చేయు ప్రతి సాహాయ్యమునకును ఈ మూడింటితో సంబంధము కలదని మా యభిప్రాయము.

తోడేలైన వెంటనే అతడు చేసిన పని యేమి? తన్నీస్థితికి తెచ్చినది సవతితల్లియే యని గ్రహించి, ఆమెపై లంఘించెను. జనులు పరుగెత్తివచ్చుటచే ఆమె బ్రదికినది, అతడు పారిపోవలసివచ్చినది. తన రోషము న్యాయమైనదే యైనను, ఆ రూపమున ప్రదర్శించినపుడు చూచువారికది మృగముయొక్క క్రౌర్యముగనే కనబడునని అతడు నేర్చికొన్న మొదటి పాఠమిది. పరదేశమున అతని నడవడి యంతయు ఈ పాఠముపై కట్టబడినది. దోచునపుడు మనుష్యుని పడద్రోయునేగాని ప్రాణము తీయడు.

గుహాఘట్టము ఈ కావ్యమున కెల్ల తలమానికము. అడవిలో తోడేలు గోతిని త్రవ్వి, గడ్డిని ఆకులను పరచి, బాలునికి పడక యమర్చును. రాత్రులందు తన నాలుగు పాదములతో వానిని పొదవికొని పండుకొనును. సవతితల్లి చేతిలో ఇల్లు కోల్పోయిన బాలుడు, పినతండ్రి చేతిలో ప్రాణమే కోల్పోబోయిన మరియొక బాలునికి ఇల్లు కట్టుచున్నాడు! కవి ఈ పోలికను ఎచ్చటను నోరువిప్పి చెప్పలేదు. చెప్పకుండుటయే మేలైనది. ఒకనాడు తోడేలు ఆహారమునకై వెళ్లగా గోపాలకుడు బాలుని కనుగొని తనయింటికి గొనిపోవును. తిరిగివచ్చిన తోడేలు గుహ శూన్యమై యుండుట చూచి యరచును, నేలబడి దుఃఖించును. పిదప జాడపట్టి గోపాలకుని యిల్లు చేరి, ఆ గృహిణి బాలుని లాలించుచుండుట కనుగొని, తృప్తుడై, ఎవరికంటను బడక వెడలిపోవును. బలము కలవాడు, కావలెనన్నచో మరల నెత్తుకొని పోగలవాడు. బాలునికి తన గుహకంటె మనుష్యుల యిల్లు మేలని ఎరిగినందున పోయినాడు.

'ఎవరికంటను బడక' అను మాటను మేము ఊరక వాడలేదు. ఈ మరుగే అల్ఫోన్సు స్వభావమునకు కీలకము. ప్రేమికులు అడవిలో ఆకలిగొని యుండగా, తోడేలు దారినబోవు నొకని పడద్రోసి అతనివద్దనున్న ఉడికించిన మాంసమును తెల్లని రొట్టెను తెచ్చును. మరియొకనినుండి ద్రాక్షాసవపు కూజాలను లాగికొనివచ్చును. వారియెదుట నుంచి, కృతజ్ఞత చెప్పుట కవకాశ మీయక తొలగిపోవును. వేటకుక్కలు వెంబడించినపుడు తన్ను తాను వానికి చూపి దూరముగ లాగికొనిపోవును. సమీపించుటకు ఇంత సంకోచమేల? అతని స్థితిని తలచినచో సమాధానము దొరకును. అతడు చేసిన ప్రతి మేలును నేరము రూపమున చేయవలసివచ్చినది. గియోమును రక్షించుట లోకమునకు శిశుహరణముగ కనబడినది. కన్నతల్లి కొడుకు చచ్చెననియే యేడ్చినది. అన్నము పెట్టుట దారిదోపిడి యైనది. తానెవడో చెప్పుకొనుటకు మాట లేదు. అట్టివాడు దగ్గరకు వచ్చినచో కలుగునది భయమే. కావున దూరమును పాటించుట అతని మర్యాద.

బెనెవెంటో ఘట్టమున ఈ విషయము పరాకాష్ఠ నందినది. అచ్చటి రాతిగనిలో ప్రేమికులు నిదురించుచుండగా నగరాధికారి సైన్యముతో వచ్చి చుట్టుముట్టును. తోడేలు ఏమియు తోచక, ఆ యధికారి పసికుమారునే నోట కరచికొని పరుగెత్తును. సైన్యమంతయు వెంటబడును. ప్రేమికులు తప్పించుకొందురు. సాయంకాలమునకు బిడ్డను, గాయమైన తగులనీయక, దింపి పోవును. పాలెర్మో ఉద్యానమున గత్యంతరము లేక చేసిన పనిని ఇచ్చట తెలిసి తెలిసి ఉపాయముగ వాడినాడు. లోకము తన్నేమని భయపడుచున్నదో ఆ భయమునే పనిముట్టుగ చేసికొన్నాడు. పరదేశమున మెలగ నేర్చుట యనగా ఇదియే గాబోలు. కాని ఆ బిడ్డ తండ్రి ఆ పగలంతయు పడిన వేదనను కవి పట్టించుకొనలేదు. ఇది మాకు కొంత నొప్పి కలిగించినది.

మరీ ద ఫ్రాన్సు రచించిన 'బిస్క్లవ్రె'తో దీనిని పోల్చుట యావశ్యకము. అది మూడువందల పైచిలుకు పంక్తుల చిన్ని కృతి. అందలి వీరుడు వారమున మూడు దినములు తోడేలగును. విడిచిన వస్త్రములు మరల ధరించిననే మనుష్యుడగును. భార్య ఆ రహస్యమును తెలిసికొని వస్త్రముల నపహరింపజేయగా అడవిపాలగును. వేటకువచ్చిన రాజు పాదమును ముద్దిడి అతని కొలువున చేరును. ఇతడు తన దేశమున, తన రాజువద్దనే యున్నాడు. అల్ఫోన్సునకు అట్టి రాజు లేడు, చుట్టును పరాయివారే. పండ్రెండవ శతాబ్దాంతమున వేల్సుదేశీయుడు గెరాల్డు ఐర్లండును గూర్చి వ్రాసిన గ్రంథమున, ఆసొరీవారు ఇరువురు ఏడేండ్లకొకమారు తోడేలు రూపమున స్వదేశము వెడలిపోవలసియుండెనని చెప్పినాడు. రూపాంతరమును దేశాంతరమును జంటగ భావించుట ఆ కాలమువారికి సహజమే యని దీనివలన తెలియుచున్నది.

మన పాఠకులకు ఇచ్చట ఇరువురు జ్ఞప్తికి రాకమానరు. కల్మాషపాదుడు రాక్షసావేశమున చిత్తమును కోల్పోయి వసిష్ఠపుత్రులను భక్షించినవాడు. అల్ఫోన్సునకు అతనితో సామ్యము పైపైనే. నిజమైన సామ్యము నలునితో. కర్కోటకుని కాటుచే రూపము మారినను నలుని చిత్తము మారలేదు; బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలిచినాడు; స్వరూపము తిరిగి పొందుటకు కర్కోటకు డిచ్చినవి వస్త్రములే. బ్రెతను కథలోను భారతకథలోను మనుష్యరూపము వస్త్రమున దాగియుండుట ఆశ్చర్యకరము. ఇందువలన ఒకదానినుండి మరియొకటి పుట్టినదని వాదించుట సాహసము; మేము ఆ పనికి పూనుకొనము. భేదమే మాకు ముఖ్యము. బాహుకునకు నోరున్నది. ప్రతిరాత్రియు అతడు పాడుకొను శ్లోకమును జీవలుడు విని, ఎవరికై దుఃఖించుచున్నావని యడిగినాడు. ఆ మాటయే తుదకు నలుని పట్టియిచ్చినది. అల్ఫోన్సునకు ఆ దారి మూతబడినది. అతనికి మిగిలినది నమస్కారమొక్కటే.

ఆ నమస్కారములను కవి మిక్కిలి నేర్పుతో వాడెను. పాలెర్మోలో తోడేలు రాజసౌధము ముంగిటికి వచ్చి, పైనున్నవారికి తలవంచి పోవును. స్పెయినురాజు పట్టుబడి సభలో కూర్చుండియుండగా లోనికివచ్చి, తండ్రి పాదములను ముద్దిడి, వచ్చినట్లే వేగముగ వెడలిపోవును. సభలోనివారు ఆయుధములెత్తుదురు, గియోము వారించును. వృద్ధరాజునకు పోయిన కుమారుడు అప్పుడు స్ఫురించును. సవతితల్లి వచ్చినపుడు మాత్రము తోడేలు రోమములు నిక్కబొడుచుకొని, మొదటినాటివలెనే మీదికి దుముకబోవును. ఇన్నియేండ్ల సంయమమును ఆ రోషమును చల్లార్చలేదన్నమాట. గియోము మాట విని ఆగినాడు. తాను గుహలో పెంచిన బాలుడు నేడు తన్ను పట్టి నిలుపుచున్నాడు.

విమోచనము ఏకాంతమున జరుగును. బ్రాందు ఎఱ్ఱని దారమున ఉంగరము గ్రుచ్చి తోడేలు మెడకు కట్టి, గ్రంథము చదువును. అతడు మనుష్యుడై, తాను నగ్నముగ నుండుట చూచి సిగ్గుపడును. స్నానము చేయుమని ఆమె చెప్పి, వస్త్రములు ఎవరిచేత కోరుదువని యడుగును. తండ్రి యున్నాడు, అతని పేరు చెప్పలేదు. గియోము పేరు చెప్పినాడు. గియోము వస్త్రములతో లోనికి వచ్చి, ఎదుటనున్న యువకుని గుర్తింపలేక, నీవెవరని యడుగును. ఈ ప్రశ్నవద్ద ఏ పాఠకుడైనను ఒక క్షణము ఆగక తప్పదు. ఆ గుర్తింపలేమిలో అల్ఫోన్సు పాటించిన మరుగంతయు ఇమిడియున్నది.

తరువాతి భాగము మాకు రుచింపలేదు. సవతితల్లికి క్షమాపణము, వరుసగ వివాహములు, అల్ఫోన్సునకు గియోము చెల్లెలు ఫ్లోరెన్సు, కాలక్రమమున స్పెయిను సింహాసనము. పడక యనగా గడ్డి యని యెరిగినవాడు హంసతూలికాతల్పముపై ఎట్లు నిదురించెనో కవి చెప్పడు. ఈ విషయమున మరీ ద ఫ్రాన్సు అందెవేసిన చేయి: వస్త్రములతో నొంటరిగ విడిచిన వీరుని, రాజు తిరిగివచ్చి చూడగా, అతడు రాజశయ్యపై గాఢనిద్రలో నుండును. ఆ నిద్రకు సమానమైనది ఈ దీర్ఘకావ్యపు తుదిభాగమున ఒక్కటియు లేదు.

ఆంగ్ల కావ్యమును చదువబోవు పరిశోధక విద్యార్థులకు ఒక సూచన. కేంబ్రిడ్జిలోని ప్రతియొక్క తొలి పత్రములు లుప్తమైనవి. స్కీటు ఆ భాగమును ఫ్రెంచి మూలముతో పూరించెను. ఆ పూరణమును విడిచి మిగిలిన ప్రతినే మొదటినుండి చదువుడని మా మనవి. రాజోద్యానమును కుట్రయు లేవు. కథ గుహతోనే మొదలగును. పక్షుల పాట విని బాలుడు వెలుపలికి వచ్చి పువ్వులు కోయుచుండును. గోపాలకుని కుక్క మొరుగును. తోడేలు ఆహారముకొరకు వెళ్లియుండును, ఇంకను తిరిగిరాలేదు.